కుర్చీ కాపలా

ఆ ఎర్ర కారు కదిలి పదకొండు వారాలైంది. రోజియాన్‌కు ఆ లెక్క తప్పదు. మూడో అంతస్తులో అద్దాలు బిగించిన చెక్క బాల్కనీలో నిలబడి పాపకు పండు గుజ్జు తినిపిస్తూ రోజూ ఆమె చూసేది ఆ కారు నెత్తినే. దాని మీద పావురాలు ఎక్కడెక్కడ రెట్ట వేశాయో కళ్ళు మూసుకొని చెప్పగలదు. శనివారం వస్తే భర్త జెస్మండ్ బకెట్టూ గుడ్డా పట్టుకొని దిగుతాడు. కారును కడుగుతాడు, అద్దాలు తుడుస్తాడు, చక్రాన్ని బూటుతో ఒకసారి తన్ని చూస్తాడు, తాళం వేసి పైకొచ్చేస్తాడు. కారు మాత్రం అంగుళం జరగదు.

జరిగితే చోటు పోతుంది మరి. దీవి రాజధాని వలెట్టాలో ఇంటి గుమ్మం ముందు కారు పెట్టుకునే చోటంటే ఆస్తి కింద లెక్క. ఆ చోటు సంపాదించింది మామగారు స్పీరు. ఆయన పోయి నాలుగేళ్ళవుతున్నా వీధిలో అందరూ దాన్ని స్పీరు చోటనే అంటారు. కాగితం మీద అది ఎవరిదీ కాదు. కానీ కారు తీసిన మరుక్షణం అత్తగారు జూజా తన వంటింటి కుర్చీ తెచ్చి అక్కడ వేస్తుంది. ఆకుపచ్చ కుర్చీ, ఒక కాలికి గుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని పక్కకి జరిపే ధైర్యం ఆ వీధిలో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

రోజియాన్‌కు ఇరవై రెండేళ్ళు. పదిహేనో ఏట బడి మానేసి, ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో జేబులు కుట్టింది. పెళ్ళయ్యాక ఏడో నెల కడుపుతో, పొట్ట స్టీరింగుకు తగులుతుంటే, డ్రైవింగ్ పరీక్ష ఇచ్చి నెగ్గింది. నేర్పిన ముసలాయన వెన్జు ఆ రోజు ఒక మాట అన్నాడు. "భయం నీ బుర్రలో ఉందమ్మాయ్, చేతుల్లో లేదు. బండి ముట్టకుండా కూర్చున్నావనుకో, మెల్లిగా చేతుల్లోకి కూడా దిగుతుంది." పాప థియాకు ఇప్పుడు తొమ్మిది నెలలు. రోజియాన్ ఒక్కసారి కూడా బండి ముట్టలేదు. రాత్రి పాపకు పాలిచ్చేటప్పుడు తన అరచేతులను చూసుకుంటూ ఉంటుంది, భయం దిగిందా లేదా అని.

భయాలకేం, కొదవలేదు. బాల్కనీ కింద చెక్క చెమ్మకి పుచ్చిందేమోనని భయం. పాప గొంతులో రొట్టె ముక్క ఇరుక్కుంటుందేమోనని భయం. కింద వీధిలోకి దిగాలంటే అరవై నాలుగు మెట్లు, నిలువుగా ఉంటాయి. ఒక చంకలో పాప, ఇంకో చంకలో సంచి. మొదటి అంతస్తులో అత్తగారి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. "ఎక్కడికీ?" అని లోపలి నుంచి గొంతు వస్తుంది. ఎక్కడికో ఒక జవాబు చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేక రోజియాన్ చాలాసార్లు సగం మెట్ల మీంచే వెనక్కి ఎక్కేసింది.

మంగళవారం సాయంత్రం చారులో రొట్టె ముంచుకుంటూ జెస్మండ్ మామూలుగా చెప్పినట్టు చెప్పాడు.

"సాల్వు అడిగాడు, కారు ఇస్తావా అని. సోమవారం వచ్చి చూస్తానన్నాడు."

"ఏ కారు?"

"మనకి ఎన్ని కార్లున్నాయేంటి?"

"అమ్మేస్తావా?"

"ఎవరు నడుపుతున్నారు చెప్పు. నేను పడవెక్కి డాక్‌యార్డుకు పోతాను. అమ్మకి అంగడి పక్కనే. నువ్వా, గడప దాటవు."

"నేను నేర్చుకున్నాను కదా."

"నేర్చుకున్నావ్. నడిపావా?"

"నడపనిచ్చావా? కీ అడిగితే చోటు పోతుందంటావ్."

"పోదా మరి?"

"అమ్మేస్తే చోటు ఏమవుతుంది?"

"అమ్మ చూసుకుంటుంది. కుర్చీ ఉందిగా. ఆదివారం అన్నయ్య రెన్నీ భోజనానికి వస్తే పెట్టుకుంటాడు."

రోజియాన్ గరిటె కింద పెట్టింది. ఆమె మామూలుగా గొడవ పడే మనిషి కాదు. కానీ ఆ కారు అక్కడ ఉన్నంత కాలం ఏదో ఒక రోజు అనుకుంటూ బతకవచ్చు. అది పోతే ఆ చెక్క బాల్కనీ, అరవై నాలుగు మెట్లు, "ఎక్కడికీ" అనే ఆ గొంతు, అంతే మిగులుతాయి. గ్లాసు పక్కకి జరిపి అంది:

"ఈ ఆదివారం నేను దీవి మొత్తం చుట్టి వస్తాను. నేనూ, పాపా. కారు మీద గీత పడకుండా తెచ్చానంటే దాన్ని అమ్మకూడదు."

జెస్మండ్ నవ్వాడు. మంచివాడే, కాకపోతే నవ్వు ముందొచ్చి ఆలోచన తర్వాత వస్తుంది. "సరే. మొత్తం చుట్టు. గీత పడకూడదు. పడిందా, సోమవారం సాల్వు కీ పట్టుకుపోతాడు."

"ఒట్టు?"

"పునీత పౌలు సాక్షి."

బుధవారం పాప పడుకున్న వేళ రోజియాన్ చర్చి కాలెండర్ లోంచి అయిపోయిన నెల కాగితం చింపి వెనక వైపు దీవి బొమ్మ గీసింది. చేపలా వచ్చింది, తోక కొంచెం లావైంది. దాని చుట్టూ పెన్సిలుతో ఊళ్ళ పేర్లు రాసుకుంది. పదింటికి మార్సష్లోక్, చేపల సంత దాటి ఆగకుండా. అక్కడి నుంచి దక్షిణం ఒడ్డంట జురియె. పన్నెండింటికి దింగ్లి కొండ అంచు. తర్వాత మెల్లీహా, ఆ పైన తీరం రోడ్డు పట్టుకొని ఇంటికి. రోడ్డు బాగుంటే నాలుగు గంటల పని. స్పెల్లింగుల్లో తప్పులున్నాయని తెలుసు. ఎవరు చూస్తారులే అనుకుంది.

దింగ్లి కింద మాత్రం రెండు గీతలు పెట్టింది. అక్కడ కారు ఆపి, అద్దాలు దించి, అరగంట ఊరికే కూర్చోవాలి. ఆమె ఇంటి బాల్కనీకి ఎదురుగా ఇంకో బాల్కనీ ఉంది, అంతే. వీధి చివర సముద్రం బెత్తెడు వెడల్పున కనిపిస్తుంది. దింగ్లిలో అయితే ముందర ఇంకేమీ ఉండదు. అంత నీళ్ళు ఒక్కసారి చూస్తే గుండెల మీది బరువు దిగుతుందేమోనని ఆమె ఆశ.

కాగితం రెండో సగంలో మోసుకెళ్ళాల్సినవి రాసింది: పాల సీసాలు రెండు, టోపీ, బట్టలు రెండు జతలు, జ్వరం మందు, తడి గుడ్డలు. ఆ కింద, సర్కిల్ దగ్గర పాప ఏడిస్తే ఏం చేయాలి అని రాసి, జవాబు తోచక వదిలేసింది.

గురువారం పొద్దున రొట్టెల బండి హారను మోగింది. రోజూలాగే రోజియాన్ తాడు కట్టిన బుట్ట బాల్కనీలోంచి కిందికి దించింది. అందులో ఏం కావాలో రాసిన చీటీ వేయాలి. పాప ఒక పక్క జుట్టు పీకుతుంటే చేతికందిన మడత కాగితం వేసేసింది. బుట్ట మళ్ళీ పైకి లాగితే రెండు రొట్టెలకు బదులు ఒకటే ఉంది, కాగితం లేదు. తొంగి చూసింది. కింద రొట్టెల బండి దగ్గర అత్తగారు కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి దించుకొని ఆ కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకొని ఉంది.

"అమ్మాయ్!" అని వీధంతా వినిపించేలా పిలిచింది జూజా. "మెల్లీహా వెళ్తున్నావా? చెప్పనే లేదే! అక్కడి చర్చిలో అమ్మవారికి నా మొక్కు బాకీ ఉందే!"

అక్కడి నుంచి ఆ కాగితం రోజియాన్ చేతికి తిరిగి రాలేదు. జూజా చెల్లెలు విటోరిన్ పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కతోనే ఉంటుంది. ఆమె మార్సష్లోక్ పక్కన "చేపలు రెండు కిలోలు, ఆగి, బేరమాడి" అని రాసింది. జూజా దింగ్లిని అడ్డంగా కొట్టేసింది.

"అక్కడేముందే, గాలి తప్ప? పిల్లకి చెవిపోటు వస్తుంది."

"అరగంటే అత్తయ్యా."

"అరగంట గాలికి నెల రోజుల మందు."

శుక్రవారం జెస్మండ్ అన్నాడు, "అందరూ పోతుంటే నేనొక్కణ్ణీ ఇంట్లో ఏం చెయ్యను? నీ పక్కన కూర్చుంటాలే. నడిపేది నువ్వే." అదే రోజు సాయంత్రం ఆదివారం కచేరీకి కుర్చీలు కావాలని బ్యాండు సంఘంవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. జూజా తలుపు దగ్గర నిలబడి, "మా ఇంటిదొకటి రాసుకోండి. గుమ్మం బయట పెడతాను, పట్టుకుపోండి" అని పెద్దరికంగా చెప్పి పంపింది. చెప్పి మర్చిపోయింది.

ఆదివారం పొద్దుటి పూజ కాగానే సంచులన్నీ మోసుకొని రోజియాన్ దిగేసరికి డ్రైవరు సీట్లో జెస్మండ్ కూర్చొని ఉన్నాడు.

"జెస్మండ్?"

"ఊరి గేటు దగ్గర ఎత్తు బాగా ఉంటుందే. అది దాటించి ఇస్తాను."

ముందు సీట్లో జూజా ఎక్కింది, వెనక కూర్చుంటే వికారమని. వెనక పాప సీటుకు ఒక పక్క విటోరిన్, ఇంకో పక్క రోజియాన్. కాళ్ళ దగ్గర పాప సంచి, చేపల కోసం తెచ్చిన ఖాళీ డబ్బా, ఒళ్ళో మొక్కు కొవ్వొత్తి. బండి కదలగానే జూజా "ఆగాగు" అని దిగి, ఆకుపచ్చ కుర్చీ తెచ్చి ఖాళీ అయిన చోట నడిమధ్యన వేసి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకొని వచ్చి కూర్చుంది. ఎదురింటి నీనాకు చెయ్యి ఊపి, "ఓ కన్నేసి ఉంచు!" అని కేకేసింది.

గేటు దాటారు. "ఇక్కడ ఆపితే వెనకోళ్ళు తిడతారు" అన్నాడు జెస్మండ్. ఇంకో ఊరు దాటింది. "మార్సష్లోక్‌లో ఎలాగూ ఆగుతాంగా." రోజియాన్ మోకాళ్ళ మీద కొవ్వొత్తి పట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంట్లో అయితే నాలుగు గదులైనా ఉన్నాయి. ఇక్కడ కాలు కదపడానికి లేదు. తను వేసిన దారి, తను రాసుకున్న టైములు, అందులో ఎక్కడా తను లేదు.

మార్సష్లోక్‌లో చేపల దగ్గర విటోరిన్ బేరం ముప్పావు గంట పట్టింది. ఆ లోపు జెస్మండ్‌కు డాక్‌యార్డు స్నేహితులు కనిపించారు. రేవు ఒడ్డున బల్ల చుట్టూ చేరి, రారా అంటే రారా అనుకొని, తెల్ల వైను తెప్పించారు. రోజియాన్ పాపను ఎత్తుకొని వెళ్ళి నిలబడింది.

"ఇక నాకిస్తావా?"

"తిన్నాక ఇస్తానే. కూర్చో. ఒరేయ్, మా ఆవిడరా, ఇవాళ దీవి చుట్టేస్తుందంట!"

"అయితే మేం రోడ్ల మీదికి రాం లేమ్మా" అన్నాడొకడు, అంతా నవ్వారు. ఆమె కూడా పళ్ళు కనిపించేలా పెదవులు సాగదీసింది. పన్నెండైంది. మెల్లీహా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి మూడు. స్టీరింగు మీద తన చెయ్యి పడకుండానే చుట్టు అయిపోతుంది. రేపు సాల్వు వస్తాడు. "చెప్పాగా, నువ్వు నడపలేదుగా" అంటాడు జెస్మండ్, అది కూడా ప్రేమగానే.

అప్పుడు జూజా ఫోను మోగింది. జూజా ఫోనును చెవికి పెట్టుకోదు, ఎదురుగా అద్దంలా పట్టుకొని అరుస్తుంది. కాబట్టి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ నీనా గొంతు వినిపించింది.

"జూజా! నీ కుర్చీ పోయింది!"

"పోవడమేంటే?"

"బ్యాండు వాళ్ళు ఎత్తుకుపోయారు. గుమ్మం ముందుంది కదా, నువ్విస్తానన్న కుర్చీ అదే అనుకున్నారు. నీకు చాలా థాంక్స్ చెప్పమన్నారు కూడా."

"ఓరి వీళ్ళ డప్పులు పగలా! చోటో?"

"ఉంది. నేను నిలబడ్డాను అందులో, చీపురు పట్టుకొని. ఇప్పటికే ఒకడొచ్చి హారను కొట్టాడు, చీపురు చూపించా. తొందరగా రా తల్లీ, పొయ్యిలో మాకరోనీ పెట్టాను."

జెస్మండ్ గభాల్న లేచాడు. మోకాలు బల్లకు కొట్టుకొని గ్లాసు దొర్లింది. జూజా కొడుకు మొహం దగ్గరికి వెళ్ళి వాసన చూసింది.

"ఎన్ని తాగావురా?"

"రెండే అమ్మా."

"నాలుగు" అంది విటోరిన్, చేపల డబ్బా మూత బిగిస్తూ. "నేను చూస్తూనే ఉన్నా."

జూజా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆమె మొక్కు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట స్పీరు వైను తాగి బండి నడిపి జబ్బార్ ఊరి దగ్గర గోడకు గుద్దాడు. ఎవరికీ ఏమీ కాలేదు. వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని, ఇక తాగినవాడు నడిపే బండి ఎక్కనని ఆమె ఆ రోజే మెల్లీహా అమ్మవారికి మాటిచ్చింది. ఒక పక్క చోటు, ఇంకో పక్క అమ్మవారు. ఆమె మొహంలో రెండూ కొట్టుకోవడం రోజియాన్‌కు స్పష్టంగా కనిపించింది.

"కీ దానికివ్వు" అంది చివరికి. "అమ్మాయ్, సూటిగా ఇంటికి. ఇరవై నిమిషాలు. ఎక్కడా చూడకు."

సీటు ముందుకు జరుపుకుంది రోజియాన్. అద్దం సరిచేసుకుంది. బండి మొదటిసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. "దేవుడా, నీనా మాకరోనీ!" అంటోంది పక్కన జూజా. వెనక పాప సీటుకు అవతల కుక్కుకొని కూర్చున్న జెస్మండ్, "క్లచ్చి మెల్లిగా వదలవే, మెల్లిగా" అంటున్నాడు. చేతులు తడిసిపోయి స్టీరింగు జారుతోంది. దిగిందా భయం చేతుల్లోకి? చేతులను పావడాకు తుడుచుకొని మళ్ళీ తిప్పింది. మూడోసారి బండి కదిలింది.

ఊరు దాటాక సర్కిల్ వచ్చింది. వలెట్టాకు పోవాలంటే కుడి. దక్షిణం ఒడ్డుకైతే ఎడమ.

"కుడికి! కుడికే!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. ఆ అరుపుకు పాప ఏడుపు అందుకుంది. కుడి పక్క నుంచి లారీ ఒకటి పెద్ద కొండలా వస్తోంది. రోజియాన్ చేతులు కుడికి తిరగలేదు. కారు ఎడమకు జారి జురియె రోడ్డు ఎక్కేసింది.

"ఏంటే ఇది! వెనక్కి తిప్పు!"

"తిప్పుతానత్తయ్యా, చోటు రానీండి."

తప్పు భయం వల్లే జరిగింది, అందులో అబద్ధం లేదు. కానీ తర్వాత వెనక్కి తిప్పుకునే చోట్లు రెండొచ్చాయి. ఒకటి రాళ్ళగోడ పక్కన ఖాళీ స్థలం. రెండోది పెట్రోలు బంకు. ఆ రెంటినీ ఆమె చూసింది. కావాలనే వదిలేసింది. రెండోది వెనక్కి జారిపోయాక పాప ఏడుపు ఆగింది. సర్కిల్ దగ్గర పాప ఏడిస్తే ఏం చేయాలో కాగితం మీద తోచని జవాబు ఇదన్నమాట, బండి ఆపకుండా పోవడమే.

"అమ్మాయ్. నీకు దారి తెలీట్లేదా?"

"తెలుసు. నేనే గీశాను కదా."

"జెస్మండూ, చెప్పరా నీ పెళ్ళానికి!"

అద్దంలో చూస్తే జెస్మండ్ ఆమెనే చూస్తున్నాడు, నవ్వు ఇంకా రాని మొహంతో. "మొత్తం చుట్టు అన్నాను కదమ్మా" అన్నాడు మెల్లిగా. "పౌలు సాక్షి అన్నాను."

"పౌలుకేం పోయింది, ఆయనకి కారుందా చోటుందా!"

కారులో అందరికీ చెమటలు. చేపల వాసన. దిగుదామంటే దిగనిచ్చేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ మెట్ల మీద తను పడ్డ ఇరుకు ఇప్పుడు వాళ్ళ వంతైంది. జాలి వేసింది గానీ బండి ఆపలేదు.

జురియె దాటుతుండగా నీనా మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

జూజా కోడలి వైపు కత్తిలా చూసి, "వస్తున్నాం నీనా, ట్రాఫిక్కు" అంది.

"కాళ్ళు పీకుతున్నాయని నా కుర్చీ తెచ్చుకున్నా. గొడుగు కూడా వేసుకున్నా. పోయేవాళ్ళంతా నన్ను ఊరేగింపు విగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నారు."

నీనా మాట వింటుంటే రోజియాన్‌కు తప్పు చేసినట్టే అనిపించింది. పెద్దావిడ, ఎండలో. అయినా కాలు యాక్సిలేటరు మీంచి తీయలేదు. రోడ్డు సన్నగా, రెండు పక్కలా రాళ్ళగోడలు, ఎదురుగా ఏదైనా వస్తే ఊపిరి బిగబట్టి గోడ వైపు ఒరగాలి. రెండుసార్లు ఒరిగింది. విటోరిన్ రెండుసార్లూ కళ్ళు మూసుకొని జపం చెప్పింది. గీత పడలేదు.

దింగ్లి దగ్గరికొస్తుండగా మూడో ఫోను.

"అయిపోయింది జూజా" అంది నీనా. గొంతులో బలం లేదు. "తెల్ల వ్యాను. పెద్దది. నేను లేవనన్నాను. వాడు దిగొచ్చి నన్ను 'అమ్మా' అని పిలిచి, చెయ్యందించాడు. అంత మర్యాదగా అడిగితే ఏం చెయ్యనే. లేచాను. నా మాకరోనీ బొగ్గైపోయింది. పోనీ, ఆ పిల్లాడు మాడిన ముక్కైనా తింటానన్నాడు."

జూజా ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకొని రోజియాన్ భుజాలు ముడుచుకుంది. తిట్టలేదు. కొండ అంచున రోడ్డు పక్కకు కారు తీసి ఇంజను ఆపింది రోజియాన్. అద్దాలు దించింది. గాలి దూసుకొచ్చి పాప టోపీ లేచిపోతే విటోరిన్ పట్టుకుంది.

ఇక తొందరపడాల్సిన పని ఎవరికీ లేదు. ఒక్కొక్కరే దిగారు. పాపను చంకనేసుకొని రోజియాన్ అంచు దాకా నడిచింది. నీళ్ళు, నీళ్ళు, ఆ మీద ఆకాశం. ఇంకేమీ లేదు. ఊహించుకున్నది ఊహించుకున్నట్టే ఉంది. కానీ గుండెల మీది బరువు దిగలేదు. కాళ్ళ ముందు కంచె ఉంది, కంచె కింద రెండు వందల మీటర్ల లోతు. ఇక్కడితో దీవి అయిపోయింది. రోడ్డు ఇక్కడ వంగి మళ్ళీ ఇంటి వైపే పోతుంది. ఏ రోడ్డైనా అంతే, ఎంత దూరం పోయినా చివరికి అదే వీధి, అవే అరవై నాలుగు మెట్లు. ఇన్నాళ్ళూ గోడ ఇంటి చుట్టూ ఉందనుకుంది, ఉన్నది దీవి చుట్టూ.

జూజా వచ్చి పక్కన నిలబడింది, తలకు గుడ్డ బిగించి కట్టుకొని.

"స్పీరు నన్ను ఇక్కడికి తెస్తానని పెళ్ళికి ముందే అన్నాడు" అంది. "నలభై ఏళ్ళు అంటూనే ఉన్నాడు."

"ఎందుకు తేలేదత్తయ్యా?"

"ఎందుకేంటి. చోటు పోదూ!"

ఆ మాట కోపంగానే అంది. అని, కాసేపు అలాగే నిలబడి నీళ్ళను చూసి, "గాలి. చెప్పానా గాలని. పిల్లకి చెవులు కప్పు" అని వెళ్ళిపోయింది.

మెల్లీహాలో కొవ్వొత్తి వెలిగించారు. తీరం రోడ్డు మీద జెస్మండ్ నోరు తెరుచుకొని నిద్రపోయాడు, విటోరిన్ అతని భుజం మీద నిద్రపోయింది, చేపలు కూడా కదలడం లేదు. రోజియాన్ నాలుగో గేరులో పోతోంది. చేతులు ఎప్పుడు ఆరాయో ఆమె గమనించలేదు.

వీధిలోకి తిరిగేసరికి నాలుగున్నర. స్పీరు చోటులో తెల్ల వ్యాను అటూ ఇటూ ఒక చెయ్యి కూడా పట్టకుండా నిండుగా కూర్చొని ఉంది. గుమ్మం ముందు ఆపింది. వెనక అప్పుడే ఒక కారు హారను కొడుతోంది. జెస్మండ్ గబగబా దిగి, ఒంగి, కారు నాలుగు పక్కలా చూశాడు. వేలితో తలుపును తడిమాడు.

"గీత లేదు" అన్నాడు, నమ్మలేనట్టు. "అమ్మా, గీత లేదే. ఒట్టు ఒట్టే. సాల్వుకి ఫోన్ చేసి వద్దంటాను."

రోజియాన్ గుండె ఎగిరింది. ఎగిరి కింద పడేలోపే జూజా అందుకుంది.

"చెయ్యి. ఇప్పుడే చెయ్యి. కుర్చీని నమ్ముకొని మోసపోయాను. చోటు కాయాలంటే కారే ఉండాలి. అమ్మాయ్, ఆ వ్యాను పోగానే తెచ్చి ఇందులో పెట్టెయ్. ఇక తీసే పని లేదు."

"ఇక తీసే పని లేదు" అని జెస్మండ్ కూడా తలూపాడు, సంతోషంగానే. భార్య కోరింది దక్కిందని అతని ఉద్దేశం.

రోజియాన్ స్టీరింగు మీద చేతులు తీయలేదు. తను గెలిచింది. కారు అమ్మరు. పదకొండు వారాలు కాదు, ఇక పదకొండేళ్ళు అది ఇక్కడే ఉంటుంది, పైన బాల్కనీలోంచి దాని నెత్తి చూసుకోవచ్చు. వెనక హారను మళ్ళీ మోగింది.

"పాపని ఇవ్వు, పైకి తీసుకెళ్తాను" అన్నాడు జెస్మండ్.

"నిద్రపోతోంది. కదిపితే లేస్తుంది. చోటు వెతుక్కొని వస్తాను."

సంచులూ చేపలూ దింపుకున్నారు. తలుపు మూసుకుంది. కారులో పాప ఊపిరి తప్ప ఇంకో మనిషి అలికిడి లేదు. వీధి చివర తిరిగి ఊరి చుట్టూ పోయే సముద్రం రోడ్డు ఎక్కింది. ఒక పక్క కోటగోడ, ఇంకో పక్క రేవు. ఊరు చిన్నది, పది నిమిషాల్లో చుట్టు పూర్తయింది. కోట దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంది, రెండు కార్లు పట్టేంత. దాన్ని చూసింది, గేరు మార్చి ముందుకు పోయింది.

మళ్ళీ తమ వీధిలోకి వచ్చింది. తెల్ల వ్యాను కదల్లేదు. దాన్ని తెచ్చిన పుణ్యాత్ముడు ఇంకా నీనా ఇంట్లో మాకరోనీ తింటూ ఉండి ఉంటాడు. పైన మూడో అంతస్తులో, రోజూ తను నిలబడే చోట, జెస్మండ్ అద్దం తోసి తొంగి చూస్తున్నాడు. అతనికి కారు నెత్తి ఒక్కటే కనిపిస్తూ ఉంటుంది.

"దొరికిందా?" అని కేకేశాడు.

రోజియాన్ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, లేదన్నట్టు ఊపింది. పాప లేవడానికి ఇంకో అరగంట ఉంది. పెట్రోలు ముల్లు సగం కింద ఉంది. వీధి చివర బెత్తెడు సముద్రం కనిపిస్తోంది. అటే తిప్పింది.